దూలపల్లి అరుగు మీఁద పందెపు ముచ్చటలు

సికింద్రాబాదు నుండి మేడ్చలు పోవు పెద్దబాటలో కొంపల్లి వద్ద పడమటి దిక్కునకు తిరిగినచో దూలపల్లి త్రోవ వచ్చును. ఆ త్రోవ ప్రక్కను అటవీశాఖవారి శిక్షణాలయమును, దాని చెంత రక్షితారణ్యమును గలవు. చలికాలము వెడలుచుండఁగా ఆ చెట్లు ఆకులు రాల్చి, ఎండుటాకుల వాసనను ఊరిమీఁదికి పంపుచుండును. అడవి దాఁటిన పిమ్మట రేకుల కప్పులతోడి కర్మాగారములు, మైసమ్మగూడ వైపున యంత్రవిద్యాకళాశాలలు. ప్రొద్దున ఆ కళాశాలల బస్సులు వరుసగా పోవునప్పుడు, మా వాకిట చల్లిన కల్లాపి ఆఱకమునుపే దానిపై దుమ్ము పేరుకొనును. తలయెత్తి చూచినచో దుండిగల్లు వైమానిక శిక్షణాలయపు చిన్నవిమానములు చక్కర్లు కొట్టుచుండును. అరణ్యము, యంత్రము, ఆకాశయానము మూఁడును ఒక్కచోటఁ గూడిన యూరు మాది. మావారు ఉపాధ్యాయులగుటచే బడి నిమిత్తమై వచ్చి మేమును ఈ యూరివారమైతిమి.

ఇట్టి యూరిలో అమెరికాదేశపు కారుపందెములను గూర్చి వాదములు జరుగుననిన మన సోదరీమణులు నవ్వుదురేమో! మేమును మొదట నవ్వినవారమే. పందెమనఁగా డబ్బొడ్డి ఆడునది కాదు, పరుగుపందెము. ప్రతి యేఁడును ఫిబ్రవరి వచ్చుసరికి మా యింటి యరుగు సభాస్థలి యగును. సభ్యులెవరందురా? మా ఆడుబిడ్డ కొమార్తె యొకతె. ఆమెతోఁ గూడ యంత్రవిద్య చదువు బాలురిరువురు. మోటారు సైకిళ్లు బాగుచేయు ఎదురింటి మెకానిక్కు ఒకఁడు. మావారు మధ్యవర్తి. మేము గుమ్మములోఁ గూర్చుండి చిక్కుడుకాయలు ఈనెలు తీయుచు వినువారము.

మన సంవత్సరము ఉగాదితో మొదలగును గదా. ఈ పందెములవారి సంవత్సరము ఫిబ్రవరి నడుమ ఫ్లోరిడా రాష్ట్రమందలి డేటోనా బీచి అను సముద్రతీరపు పట్టణమున మొదలగును. అచ్చట రెండున్నర మైళ్ల చుట్టుబాట యొకటి గలదు. నలువది కార్లు దానిని 200 మాఱులు చుట్టవలెను. మొత్తము 500 మైళ్లు. మన లెక్కకు 800 కిలోమీటర్ల పైచిలుకు. ఈ పందెము 1959లో మొదలైనది. ఆ తొలియేఁట గెలుపు గీఁతను ఇరువురు సారథులు ఇంచుమించు ఒక్కమాఱే దాఁటుటచే, చిత్రములన్నియుఁ దెప్పించి పరిశీలించి, మూఁడు దినముల తరువాతఁ గాని లీ పెటీ గెలిచెనని చెప్పలేకపోయిరఁట. 1982 నుండి ప్రతి యేఁడును ఋతువునకు ఇదియే ఆరంభము. నవంబరుతో ఋతువు ముగియును.

వీనికి స్టాకుకారు పందెములని పేరు. అంగడిలో సరకుగా నిలువయుంచిన కార్లను ఉన్నవి ఉన్నట్లుగాఁ దెచ్చి పరుగెత్తించెడివారు గనుక ఆ పేరు వచ్చినది. నేఁటి పందెపు కార్లు పందెమునకే ప్రత్యేకముగాఁ గట్టినవి. రూపము మాత్రము అంగడి కార్లను పోలియుండును. ఈ విషయములు మా చెల్లెలి వలన మాకుఁ దెలిసినవి. ఆమె భర్త ఉద్యోగరీత్యా ఉత్తర కరోలినా యందలి చార్లెట్టు నగరమున నున్నాఁడు. ఆ నగరమునకు ఈ పందెములు ప్రాణము. జట్లలో అనేకము ఆ పరిసరములనే కాపురముండును. 2010లో తెఱచిన పందెపు వస్తుప్రదర్శనశాలయు అచ్చటనే యున్నది. ఈ పంక్తి పందెములలో మొట్టమొదటిది 1949 జూను 19వ తేదీని ఆ నగరముననే జరిగెను. అందు సారా క్రిస్టియన్ అను స్త్రీయు కారు నడిపెనని మా చెల్లెలు చెప్పినప్పుడు మేము చేతిలోని చిక్కుడుకాయను పక్కకుఁ బెట్టితిమి. తరువాత 1977లో జానెట్ గత్రీ అను నామె డేటోనా పందెమునఁ బాల్గొన్న తొలి స్త్రీ యయ్యెను. 2013లో డానికా పాట్రిక్ అందఱికంటె వేగముగా పరీక్షా పరుగు ముగించి, మొదటి స్థానము నుండి పందెమును ఆరంభించెను. యుద్ధరంగమునుండి దశరథుని రథముపైఁ దప్పించి తెచ్చిన కైకేయి కథను చదువుకొన్న మనకు ఇది వింత కారాదు గాని, వింతగానే తోఁచినది.

2025 ఫిబ్రవరిలో మా యరుగు మీఁది సభ యెట్లు జరిగెనో చెప్పెదము.

"పోయిన యేఁడు గెలిచిన ఇరువదినాలుగవ సంఖ్యవాఁడే ఈ యేఁడును గెలుచునా?" అని ఒక బాలుఁ డడిగెను. ఆ సంఖ్య కారు నడుపు విలియమ్ బైరన్ చార్లెట్టు నగరమువాఁడే. "వరుసగా రెండు మాఱులు గెలుచుట సులభమా?" అని రెండవవాఁడు. మెకానిక్కు పెదవి విఱిచెను. "ఒకే వైపునకుఁ దిరుగుటలో విద్య యేమున్నది? గానుగెద్దును దిరుగును."

అంతట మా మేనకోడలు అందుకొనెను. "గానుగెద్దు తిరుగు నేల చదునైనది, మామా. అచ్చట మలుపులు 31 డిగ్రీల వాలుతో గోడవలె లేచియుండును. పైగా ఒంటరిగాఁ బోవు కారు కంటె ఒకదాని వెనుక నొకటి అంటుకొని పోవు కార్లు ఎక్కువ వేగముగాఁ బోవును. వఱదకాలువ దాఁటునప్పుడు ముందు నడచువానికిఁ దగిలినంత నీటితాఁకిడి వెనుకవానికిఁ దగులదు గదా? అక్కడ గాలి అట్టిది. కాని వెనుక నున్నవాఁడు ఎప్పటికిని గెలువలేఁడు. ఎప్పుడు వరుస విడిచి ప్రక్కకు రావలెనో ఎఱుఁగుటయే విద్య."

మావారికి ఆ మాట నచ్చినది. "ఆరంభదినమున ఎవరికెన్ని గుణములు?" అని మాస్టరు పద్ధతిలో అడిగిరి.

"అందఱికిని సున్నయే, మామయ్యా. అందుకే ఈ దినము నాకిష్టము. నిన్నటివఱకు ఓడినవాఁడును నేఁడు ఓడనివాఁడే."

"బడి తెఱచిన దినము వలెనన్నమాట," అని మావారు నవ్విరి. పిల్లల ముఖములయందు ఆ సమయమునఁ గనవచ్చు ఉత్సాహమునకుఁ గారణము అప్పుడు మాకుఁ దెలిసినది. పంటపొలములో తొలకరికి ముందు రైతు కూర్చుండి పలుకు మాటలును ఇట్టివే.

అయితే ఆ సభలో ఒకరు మాత్రము ఎన్నఁడును గూర్చుండలేదు. ఆమె మా ఆడుబిడ్డ. ఫోనులో పందెపు కార్ల ధ్వని వినవచ్చినంతనే ఆమె లోపలికిఁ బోయి తలుపు దగ్గఱకు వేసికొనును. అట్లు వేసికొనుటకుఁ గారణము గలదు.

2019 శ్రావణమాసమున నొక సాయంకాలము ఆమె భర్త మోటారు సైకిలు మీఁద పెద్దబాటకుఁ బోయెను. పాలపొట్లము తెచ్చుటకే, పది నిమిషముల పని. హెల్మెట్టు అని మన మందుమే, ఆ శిరస్త్రాణమును వాకిటి మేకునకుఁ దగిలించి, "ఇంతలోనే గదా" అని పోయెను. శ్రీనగరమునుండి కన్యాకుమారి వఱకుఁ బోవు 44వ సంఖ్య జాతీయరహదారి మాకు ఇంతలోనే యుండు దారి యయ్యెను గాని, దానికి మేము ఎవ్వరము? ఒక మలుపున లారీ తాఁకెను. ఆయన దేహమున మఱెచ్చటను పెద్దగాయము లేదు. తలకుఁ దగిలిన దొక్కటే దెబ్బ.

నలోపాఖ్యానమున దమయంతి మేడమీఁదనుండి రథధ్వని విని, ఇది నలుఁడు తోలు రథమే యని పోల్చుకొనును. మా ఆడుబిడ్డయు అట్లే ప్రతి సాయంకాలము ఆ మోటారు సైకిలు చప్పుడు వీథి మొదట నుండఁగానే పోల్చి, పొయ్యిమీఁద టీనీళ్లు పెట్టెడిది. ఆ దినము తరువాత ఏ యింజను చప్పుడైనను ఆమెకు శూలమే. ఆ శిరస్త్రాణము మాత్రము అదే మేకునకు అట్లే యుండెను. తీయుటకు ఎవ్వరికిని చేతులాడలేదు. తల్లియు కూఁతురును ఆ యేఁడే మా యింటికి వచ్చి మాతో నుండిరి. మేకును, దానికున్న శిరస్త్రాణమును గూడ వెంట వచ్చినవి.

తన బిడ్డ ఈ పందెములను చూచి యానందించుట ఆ తల్లికిఁ గడుపుకోఁతగా నుండెను. "తండ్రిని మ్రింగిన వేగమును కూఁతురు పూజించుచున్నది, వదినా," అని యొకనాఁడు మాతో ననెను. మాకును అట్లే తోఁచెను గనుక మాఱు పలుకలేదు.

ఇంతలో వేగము మా నగరమునకే వచ్చినది. 2022 నవంబరులో హుస్సేన్ సాగరపు టొడ్డున వీథులనే బాటగాఁ జేసి ఇండియన్ రేసింగ్ లీగు తొలి ఋతువును ఆరంభింపఁబూనిరి. ఆరు జట్లు, జట్టునకొక స్త్రీ సారథి తప్పక యుండవలెనని నియమము. ఆ తొలివారమున ఆటంకములు, ఆలస్యములు కలిగి పందెములు అనుకొన్నట్లు సాగలేదు. డిసెంబరులో మరల నడిపిరి. తరువాత 2023 ఫిబ్రవరి 11వ తేదీ శనివారమునాఁడు విద్యుత్తుతో నడచు కార్ల ప్రపంచపందెము, ఫార్ములా ఈ యనునది, అదే బాటమీఁద జరిగినది. మన దేశమున ఆ పందెము అదియే మొదటిది. మా మేనకోడలికి అప్పుడు పదునాఱేండ్లు. చూడవలెనని వారముదినములు అన్నము సరిగాఁ దినలేదు. తల్లి తుదకు, "పిల్లను ఒంటరిగాఁ బంపలేను. నేనును వచ్చెదను, కాని కన్నులు మూసికొని కూర్చుందును," అనెను.

అట్లు నలువురమును బయలుదేఱితిమి. సికింద్రాబాదు వఱకు ఒక బస్సు, అటనుండి లకడీకాపూలు వఱకు మఱియొక బస్సు. సుచిత్ర, బోయినపల్లి, ప్యారడైజు. దారి పొడుగునను వంతెనల స్తంభములు, బిర్యానీ పొగలు, కారు హారనుల ఘోష. నడుమ ఆ మలుపు వచ్చినప్పుడు మా ఆడుబిడ్డ కొంగు ముఖముపైకి లాగికొనెను. ఆ చోట ఎప్పుడును ఆమె అట్లే చేయును. మేము బస్సులో నిలుచున్న వారిని లెక్కించితిమి: ద్విచక్రముల మీఁద మా ప్రక్కఁగాఁ బోవు పదిమందిలో నలువురు శిరస్త్రాణమును మోచేతికిఁ దగిలించుకొని యుండిరి. మోచేతిని కాపాడుకొనుటకుఁ గాఁబోలు!

లకడీకాపూలు నుండి నడచితిమి. నిత్యము బండ్లతోఁ గ్రిక్కిఱిసియుండు వీథులు ఆనాఁడు నిశ్శబ్దముగా నుండెను. సాగరము నడుమ బుద్ధభగవానుఁడు ఎప్పటివలెనే నిలిచియుండెను. ఆయన యెదుట రెండు కిలోమీటర్ల ఎనిమిదివందల మీటర్ల చిల్లర పొడవున బాట, పదునెనిమిది మలుపులు. బాటకు ఇరుప్రక్కలను ఎత్తైన సిమెంటు దిమ్మెలు, వానిపై ఇనుపవల. ఒక్కొక్కచోట జెండాలతో మనుష్యులు, వైద్యుల బండి, మంటలార్పువారు. మా ఆడుబిడ్డ కూర్చుండిన వెంటనే కన్నులు మూసికొన్నది గాని, చెవులు మూసికొనవలసిన పని పడలేదు. ఆ కార్లకు ఇంజను గర్జన లేదు. విజిలు వేసినట్లు సన్ననికూఁత యొకటి దగ్గఱై దూరమగుచుండెను. అది ఆమె యెఱిఁగిన చప్పుడు కాదు. మెల్లఁగా కన్నులు తెఱచెను.

పందెము నడుమ, పెద్దతెరమీఁద ఒక దృశ్యము చూపిరి. ఒకే జట్టునకుఁ జెందిన రెండు కార్లు ఇఱుకుమలుపులో ఒకదాని నొకటి గ్రుద్దుకొని రెండును పందెమునుండి తొలఁగెను. జనులు గొల్లుమనిరి. మా ఆడుబిడ్డ మా చేయి నులిమివేసెను. ఆ సారథు లిరువురికిని ఏమియుఁ గాలేదని చెప్పిన తరువాతఁ గూడ చాలసేపు ఆ చేయి వదలలేదు. "అంత వేగముగాఁ దగిలికొని ఏమియుఁ గాకుండుట యెట్లు?" అని తనలోఁ దా ననుకొనినట్లు పలికెను. సారథి తలపైని వంపుగా నున్న లోహపుఁ గమ్మిని ఆమె కూఁతురు చూపి, అది తలను కాపాడునని చెప్పెను. తల్లి తల యూపెను. ఆ మాట మనస్సునఁ బెట్టుకొనెనని మాకు రెండేండ్ల తరువాతఁ గాని తెలియలేదు.

ఫ్రాన్సు దేశీయుఁడగు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. తుదిచుట్లలో వాని కారునందు విద్యుచ్ఛక్తి యించుకయే మిగిలియుండెనఁట. వెనుక నిక్ కాసిడీ తఱుముచుండెను. ఉన్నదానిని చుట్టు చుట్టునకుఁ బంచుకొని, ఒక్క చుట్టునకును ఎక్కువ వాడక, గీఁత దాఁటినాఁడు. నెలాఖరున డబ్బాయడుగునఁ గల బియ్యముతో చుట్టములకుఁగూడ వండిపెట్టి, ఎవ్వరికిని తెలియనీయని యిల్లాలి నేర్పు మాకు స్మరణకు వచ్చినది. మావారితో ననఁగా, "ఆ మాట వెర్నునకు వ్రాయుదమా?" అని పరిహాసమాడిరి.

మరుసటి యేఁడు 2024 ఫిబ్రవరి 10న మరల జరుగవలసియుండెను. జనవరిలో రద్దైనదని ప్రకటించిరి. వీథులు మరల వీథులైనవి. మా పిల్లల పందెపుటుత్సాహమునకు డేటోనాయే మిగిలినది.

మరల 2025 నాఁటికి వత్తము. ఆ యేఁటి డేటోనా పందెము ఫిబ్రవరి 16. అచ్చటి మధ్యాహ్నము మనకు నడిరేయి. పిల్లలు ఫోనును గిన్నెల అలమరకు ఆనించి వంటయింటనే కూర్చుండిరి, మావారి నిద్ర చెడకుండుటకై. పది చుట్లైనను సరిగా జరుగకమునుపే వాన వచ్చినది. అచ్చట తడిబాటపై కార్లు నడపరఁట. బాట ఆఱువఱకు మూఁడుగంటలకు పైఁబడి నిరీక్షణము. బాలురు గోడకుఁ జేరగిలి నిద్రపోయిరి. మేము లేచి చూచునప్పటికి మేనకోడలొక్కతె మేలుకొని యుండెను. ఆమె తల్లియు నిద్ర పట్టక వచ్చి గుమ్మమున నిలువఁబడెను.

"ఎందుకమ్మా నీకీ జాగరణము? వేగమన్న నీకంత ప్రీతి యేల?" అని తల్లి యడిగెను. కోపము లేదు; అలసట మాత్రముండెను.

పిల్ల కొంతసేపు మాటాడలేదు. తరువాత ఫోనులో నొక చిత్రమును తీసి తల్లి చేతి కిచ్చెను. ఆసుపత్రి నుండి ఒక పురుషుఁడు నడచి వచ్చుచున్నాఁడు. కాళ్లకుఁ జెప్పులు లేవు. ఇరుప్రక్కలను ఇరువురు చిన్నపిల్లలు. వారి చేతులు వాని చేతులలో నున్నవి.

"ఈయన ర్యాన్ న్యూమన్. 2020 డేటోనా పందెపు చివరిచుట్టులో ముందుండఁగా కారు గోడకుఁ గొట్టుకొని పల్టీలు కొట్టినది. తలక్రిందులై యున్నప్పుడు ఇంకొక కారు వచ్చి గ్రుద్దినది. అందఱును పోయినాఁడనుకొనిరి. రెండవనాఁటికి, బిడ్డల చేయి పట్టుకొని యిట్లు నడచి వచ్చెను. అప్పటికి నాన్న పోయి ఆఱునెలలైనది. ఈ చిత్రము చూచిన నాఁటినుండి ఈ పందెములు చూచుచున్నాను, అమ్మా. వేగము కొఱకుఁ గాదు. ఆయన యెట్లు వచ్చెనో తెలిసికొనవలెనని."

వంటయింట ఆ సమయమున పాలవాఁడింకను రాలేదు. అడవి వైపునుండి ఏదో పక్షి కూసెను. తల్లి ఆ చిత్రమును చాలసేపు చూచెను.

"ఎట్లు వచ్చెను?" అని తుదకు అడిగెను.

అప్పుడు పిల్ల చెప్పిన సంగతి మేము సంగ్రహముగా వ్రాయుచున్నాము. అదే డేటోనా పందెమున 2001 ఫిబ్రవరి 18న, ఋతువుయొక్క మొదటి దినముననే, చివరిచుట్టులో డేల్ ఎర్న్‌హార్ట్ అను మహాసారథి కారు గోడకుఁ దాఁకి ఆయన మృతినొందెను. వయస్సు 49. ఆయన కొడుకు అదే పందెమున రెండవవాఁడుగా వచ్చెను. ఢీకొట్టునప్పుడు దేహము పట్టీలచే నిలిచిపోయి, తల మాత్రము ముందునకు విసరఁబడుటచే కపాలపు అడుగుభాగము విఱుగునఁట. దీనిని నివారించుటకు భుజములమీఁద కంటెవలె నుండి, శిరస్త్రాణమును పట్టీలతోఁ బట్టియుంచు సాధన మొకటి అప్పటికే కలదు. రాబర్టు హబ్బర్డు అను ఆచార్యుఁడును, జిమ్ డౌనింగు అను సారథియుఁ గూడి చేసినది. హాన్స్ అని పేరు. ఇబ్బందిగా నుండునని చాలమంది ధరించెడివారు కారు. ఆ మరణము జరిగిన యేఁడే అక్టోబరులో మెడకాపు లేనిదే పందెమునకు రాఁగూడదని శాసించిరి. బాటల చుట్టునున్న రాతివంటి గోడలకు, తాఁకిడిని తాను మ్రింగు ఉక్కుగొట్టముల తొడుగు వేసిరి. నెబ్రాస్కా విశ్వవిద్యాలయమువారి కల్పన మది. ఆనాఁటి తరువాత ఆ ప్రధాన పంక్తి పందెములలో సారథి యెవ్వఁడును మరణింపలేదు.

"ఒక్కఁడు పోయినందుకు ఇంత చేసిరా?" అని మా ఆడుబిడ్డ యడిగెను.

"అంతకుముందు పోయినవారును గలరు, అమ్మా. కాని ఆ ఒక్కమాఱు అందఱును ఆఁగి లెక్క చూచుకొనిరి."

సోదరీమణులారా! మేము పురాణములు చదివితిమి గాని లెక్కలు ఎక్కువ చదువలేదు. అయినను ఒక లెక్క చెప్పకుండ నుండలేము. 2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లమీఁద ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది యని ప్రభుత్వమువారి నివేదిక. ఇందులో ఒక్కని వెనుక మా ఆడుబిడ్డ వంటి యొకతె, మా మేనకోడలి వంటి యొకతె నిలుచున్నారని తలఁచుకొనుఁడు. పందెపుబాట ప్రమాదమును గొప్పగాఁ జూపునది. అయినను ఒక మరణమునకు ఆఁగి, తన గోడలనే మార్చుకొనెను. మన యిండ్ల ముందఱి బాట నిత్యమును మరణమును జూచుచును, పాలపొట్లమునకుఁ బోవు పది నిమిషములను ప్రమాదముగాఁ దలంపదు. వేగముకంటె "ఇంతలోనే గదా" యను మాట క్రూరమైనదని మాకుఁ దోఁచినది.

అంతలో వాన వెలిసి పందెము మరల సాగెను. బాలురు లేచిరి. పాలు పొంగు వేళకుఁ జివరిచుట్టు వచ్చెను. ముందున్న కార్లు ఒకదాని నొకటి తాఁకి చెల్లాచెదరు కాఁగా, వెనుక నున్న ఇరువదినాలుగవ సంఖ్య కారు సందులో నుండి తప్పించుకొని గెలిచెను. బైరనే వరుసగా రెండవమాఱు! మా మేనకోడలు చప్పట్లు కొట్టెను. బాలుఁ డొకఁడు తలపట్టుకొనెను. ఆ ఢీకొన్న కార్లలోని సారథులను మా ఆడుబిడ్డ వ్రేళ్లపై లెక్కించుచుండెను. "అందఱును దిగినారా?" అని రెండు మాఱులడిగి, దిగిరని విన్న తరువాత పాలు దించెను. ఆమె ఒక పందెపు తుదిని చూచుట అదియే మొదటిమాఱు.

కొన్నాళ్లకు మేనకోడలు స్కూటీ నేర్చుకొందునని యడిగినది. ఆరేండ్లుగా ఇంట ఎవ్వరును ఎత్తని ప్రశ్న. మా ఆడుబిడ్డ రాత్రియంతయు ఆలోచించి, ఉదయమున వాకిటి మేకువద్దకుఁ బోయి శిరస్త్రాణమును తీసెను. మేము పొయ్యి విడిచి చూచుచుంటిమి. ఆమె దానిపై దుమ్ము కొంగుతోఁ దుడిచి కూఁతురున కిచ్చెను. పిల్ల దానిని చేతఁబట్టుకొని, "ఇది నాకు వదులు, అమ్మా. వదులైనది తలమీఁద నుండినను లేనట్లే. లోపలి మెత్తయు పాతఁబడినది," అనెను. తల్లి ముఖము చిన్నఁబోవునని మేము భయపడితిమి. ఆమె, "అట్లయిన క్రొత్తది కొందము. కొలత తీసికొని కొందము," అని పాతదానిని తిరిగి మేకునకుఁ దగిలించెను.

ఆ సాయంకాలమే కొంపల్లి అంగడికిఁ బోయితిమి. రవికె కొలత తీయునంత శ్రద్ధతో మా ఆడుబిడ్డ కూఁతురి తలచుట్టును టేపు పెట్టి కొలిచినది. అంగడివాఁడు నవ్వినను లక్ష్యపెట్టలేదు. ఐదారు పెట్టి చూచి, గవదక్రింద పట్టీ బిగించి, తన రెండు చేతులతోఁ బట్టి అటు నిటు కదలించి, కదలనిదే కొన్నది. "ఆ మెడకాపు మన బండ్లకు దొరకదా?" అని గూడ అడిగెను. దొరకదని అంగడివాఁడు చెప్పఁగా, "కారులో కూర్చున్నవానికి అన్ని కాపులు, బండిమీఁది దానికి ఇదొక్కటేనా!" అని నిట్టూర్చెను. పిమ్మట ఇంకొకటి బేరమాడినది. ఎవరికని మే మడుగఁగా, "వెనుక కూర్చుండువారికిఁ దల లేదా, వదినా?" అనెను.

ఇప్పుడు మా వాకిట మేకులు మూఁడు. ఒకదాని శిరస్త్రాణము కదలదు. మిగిలిన రెండింటిని మా ఆడుబిడ్డ పని నడుమ వచ్చి చూచిపోవుచుండును. పిల్ల కళాశాలకుఁ బోయిన వేళ ఆ మేకు ఖాళీగాఁ గనఁబడినచో ఆమె మాటాడక మరల లోపలికిఁ బోయి కూర తరుగుకొనును. ఖాళీ మేకు చూచి యొక తల్లి స్థిమితపడుట మా యింటనే చూచితిమి.

ఇంజను చప్పుడునకు తలుపు వేసికొను అలవాటు పూర్తిగాఁ బోలేదు. కాని మొన్న అరుగుమీఁద పిల్లలు రాఁబోవు ఋతువును గూర్చి మొదలుపెట్టఁగా, లోపలినుండి, "ఈ మాఱు ఆరంభ మెన్నఁడు?" అని యొక గొంతు వినవచ్చినది. సభ ఒక్కక్షణము మూఁగవోయెను. మెకానిక్కు లేచి, తన పీట ఆమె కొఱకు గోడప్రక్కకు జరిపెను.